పేరు వ్రాయవలసిన చేయి

క్రీడాంగణమున వీరుడై వెలిగినవాడు క్రీడాసంఘమునకు అధ్యక్షుడైనచో ఏమగునో వ్రాయుమని సంపాదకులవారు ఆదేశించి, ఆదివారపు సంచిక అచ్చునకు పోవులోగా అందవలెనని గడువు విధించినపుడు, నా మనస్సు మొదట థామస్ బాఖ్ మీదికి పోయెను. 1976 మాంట్రియల్ ఒలింపిక్సున కత్తిసాములో స్వర్ణపతకము గెలిచి, పశ్చిమజర్మనీ బహిష్కరణవలన 1980 మాస్కో క్రీడలకు దూరమై, 2013 నుండి 2025 వఱకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు అధ్యక్షత వహించిన మనుష్యుడాయన. కాని కాగితములు తిరుగవేసినకొలది, మన ఉప్పల్ మైదానమున ఉత్తరపు స్టాండుపై నున్న పేరొకటి నన్ను పట్టి విడువలేదు.

ఆ పేరు మహమ్మద్ అజహరుద్దీన్‌ది. దానిని తొలగింపవలెననియు, టికెట్లపై ముద్రింపరాదనియు 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్రికెట్ సంఘపు అంబుడ్స్‌మన్, విశ్రాంత న్యాయమూర్తి వి. ఈశ్వరయ్యగారు ఉత్తరువిచ్చిరి. లార్డ్స్ క్రికెట్ క్లబ్ చేసిన ఫిర్యాదు దీనికి మూలము. వి.వి.ఎస్. లక్ష్మణ్ పేర నుండిన స్టాండునకు 2019 డిసెంబరులో అజహరుద్దీన్ పేరు పెట్టిన నిర్ణయమున, సంఘాధ్యక్షుడుగా ఆయనయే పాల్గొనెననియు, తనకు లబ్ధి కలుగు విషయమున సంఘపు అపెక్స్ కౌన్సిల్ సభ్యుడు తాను తీర్పరి కారాదను నిబంధన అందువలన భంగపడెననియు ఆ యుత్తరువు సారాంశము. అజహరుద్దీన్ ఇది అన్యాయమని ఖండించి హైకోర్టు నాశ్రయింపగా, న్యాయస్థానము ఉత్తరువు అమలును నిలిపివేసెను.

నా యభిప్రాయము దాచుకొనను. ఆ స్టాండునకు ఆయన పేరు తగినదే. 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టున 110, మద్రాసున 105, కాన్పూరున 122, ఇట్లు తొలి మూడు టెస్టులలోను శతకములు చేసినవాడు మఱి యెవడు? ఆఫ్ స్టంపునకు వెలుపల పడిన బంతిని, కాలు ముందుకు సాచి, కట్టకడపటి క్షణమున మణికట్టు త్రిప్పి మిడ్‌వికెట్ వైపు పచ్చికపై జార్చునపుడు, అందు బలప్రయోగమేదియు కానవచ్చెడిది కాదు. అట్టి చేతికి లోకమెంత గౌరవమైన చేయవచ్చును. ఆ చేయి మాత్రము తన గౌరవపత్రముపై తాను సంతకము చేయరాదు. ఆ ప్రస్తావన వచ్చిన నాడు ఆయన సభనుండి లేచి పోయి, సర్వసభ్య సమావేశము తీర్మానించియున్నచో, ఆ యక్షరములను కదల్చగలవారు నేడు ఉండెడివారు కారు.

పూర్వకథ క్లుప్తముగా: 2000లో క్రికెట్ బోర్డు ఆయనపై విధించిన జీవితకాల నిషేధము 2012లో హైకోర్టున చెల్లకపోయెను, 2009లో మొరాదాబాదు ఎంపీ, 2018లో తెలంగాణ కాంగ్రెసు కార్యనిర్వాహక అధ్యక్షుడు, 2017లో సంఘాధ్యక్ష పదవికి నామినేషను తిరస్కృతమై, 2019 సెప్టెంబరులో 147 ఓట్లతో అధ్యక్షుడు. 2021లో అపెక్స్ కౌన్సిల్ ఆయనను సస్పెండు చేయగా, అప్పటి అంబుడ్స్‌మన్ దీపక్ వర్మగారు తిరిగి నిలిపిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పాలకవర్గమును రద్దుచేసి, జస్టిస్ లావు నాగేశ్వరరావుగారికి సంఘభారము నప్పగించెను.

ఈ నాగేశ్వరరావుగారు చేసిన పని నాకు అత్యంత ముఖ్యముగా తోచుచున్నది. ఒక్కచేతిలో పలు క్లబ్బులు చిక్కియున్నవని, 57 క్లబ్బులను వారు ఎన్నికలకు దూరముంచిరి. సంఘమున ఓట్లలో అధికభాగము జంటనగరముల క్లబ్బులవి. జిల్లాలవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. మహబూబాబాద్ జిల్లాలో అడవి నానుకొనియున్న మా కొత్తగూడ మండలమున, బడి విడిచిన పిదప ఎండిన పొలములో మూడు కఱ్ఱలు పాతి, పలకచెక్కతో బంతిని కొట్టు పిల్లవాని చేతిలోనూ మణికట్టు ఉండవచ్చును. వానిని చూచుటకు వచ్చు సెలెక్టరు కావలెనన్నచో, ముందుగా జిల్లాకు ఓట్ల బలము కావలెను. స్టాండు పేరుపై ఖర్చయిన వకీళ్ల వాదనలలో పదవపాలైనను జిల్లా మైదానములపై జరిగియుండవలసినది.

ప్రక్క సంగతులు

2022 సెప్టెంబరులో, అజహరుద్దీన్ అధ్యక్షుడుగా నుండగా, ఆస్ట్రేలియా మ్యాచి టికెట్లకై సికింద్రాబాదు జింఖానా మైదానమున తొక్కిసలాట జరిగి పలువురు గాయపడగా, నాటి క్రీడామంత్రి శ్రీనివాస్ గౌడ్ సంఘమువారిని సమీక్షకు పిలిపించెను. డెక్కన్ బ్లూస్ క్లబ్బునకును సంఘమునకును ఏకకాలమున అధ్యక్షుడైనందున, 2023 ఎన్నికల ఓటర్ల పట్టికనుండి అజహరుద్దీన్ పేరు తొలగింపబడెను. అదే సంవత్సరము శాసనసభ ఎన్నికలలో జూబ్లీహిల్స్‌లో ఓడిన ఆయన, 2025 అక్టోబరు 31న రాష్ట్రమంత్రిగా ప్రమాణము చేసెను. ఆడిన టెస్టులు 99. 2000లో బెంగుళూరున ఆడిన కడపటి టెస్టులోను శతకమే, 102.