ప్రేక్షకుని గోడు

ఆట ఆడువానికి పతకము కలదు. నేర్పువానికి పేరు కలదు. జట్టును పోషించువానికి లాభమో కీర్తియో కలదు. చూచువానికి ఏమున్నది? ఎండలో నిలుచుట, గొంతు బొంగురుపోవునట్లు అరచుట, తన జట్టు ఓడిననాడు అన్నము సహింపక లేచుట, ఇవియే అతని రాబడి. అయినను ఏ ఆటకైనను ప్రాణము పోయువాడు అతడే. అట్టి ప్రేక్షకుడు మన తెలుగునాట చాల కాలముగా ఒక గోడు వెళ్ళబోసికొనుచున్నాడు. ఒకప్పుడు దేశమునకే తలమానికమై వెలిగిన మన ఫుట్‌బాల్ అతని కన్నుల యెదుటనే క్షీణించెను. మరల చిగిర్చినదని సంతసించిన కొమ్మను ఇటీవల ఎవరో విరిచి వేరొక ఊరికి కొనిపోయిరి.

ఈ గోడు హైదరాబాదు నగరవాసులది మాత్రమే అనుకొనరాదు. రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల సీమలో దీనిని ఇంకను బాగుగా గ్రహింపగలవారున్నారు. 1960ల నుండి ఇచ్చటి గనులలో పనికై నానా జిల్లాల వారు వచ్చి చేరిరి. వారికి ఒక ఊరి పొత్తు లేదు, ఒక కులపు పొత్తు లేదు. వారిని కలిపినవి మూడు: గని, యూనియను, మైదానము. మొదటి షిఫ్టు దిగి, ఒంటి మసి కడుగుకొని, సాయంకాలమునకు మైదానపు గట్టున చేరినవానికి అచ్చట తోటివాడు సర్దారా, కోల్ కట్టరా, గుమాస్తాయా అను భేదము లేదు. సింగరేణి సంస్థలో కార్మికుల క్రీడాసంఘమున్నది. ఏరియా స్థాయిలో, సంస్థ స్థాయిలో పోటీలు జరుగును. వానిలో రాణించినవారు కోల్ ఇండియా పోటీలకు వెళ్ళుదురు. గోదావరిఖనిలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము ఇట్టి ఆటలకే ఏర్పడినది. జీతము ఇచ్చు సంస్థయే జట్టును నిలుపుట, ఆ జట్టును పనివారే వచ్చి చూచుట, ఇది బొగ్గుగనుల వారికి పుస్తకములు చదివి తెలిసికొనవలసిన సంగతి కాదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవమునకు మూలము కూడ సరిగా ఇట్టి ఏర్పాటే. నగర పోలీసు శాఖ ఆటగాండ్రకు కొలువు ఇచ్చెను. కొలువు పొందినవాడు రేపటి కూటికై చింతింపక బంతి మీద మనసు నిలిపెను. ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు గెలిచెను. డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను పొందెను. ఆంధ్ర పోలీసు అను పేరుతో 1961లో మరల గెలిచెను. రాష్ట్రముల జట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోను, 1957–58లోను వరుసగా తెచ్చెను. కలకత్తా క్లబ్బులు తామే ఈ ఆటకు రాజులమని తలచుచున్న కాలమున, వేతనములు స్వల్పమైన పోలీసు జవానులు వారిని నిలువరించిరి.

ఆ జట్టును తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన పద్ధతి కూడ బడిపంతులు పద్ధతియే. బంతిని కాలివద్ద దాచుకొని డ్రిబ్లింగు చేయు అలవాటు మాన్పుటకై, ఆ విద్యను నిషేధించి ప్రత్యేకముగా పోటీలు పెట్టెను. కుడికాలి వాటము కలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని పిల్లలకు వేరుగా పోటీలు నడిపెను. బంతి మనిషి కన్న వేగముగా పరుగిడును గనుక దానినే పరుగెత్తింపవలెనన్నది ఆయన నేర్పిన పాఠపు సారము. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో స్వర్ణము పొందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2 గోళ్ళతో ఓడించి నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడెములో పుట్టిన తులసీదాస్ బలరాం మొదలైన మనవారు పలువురుండిరి. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారతదేశము మరల స్వర్ణము గెలిచెను. వ్యాధితో పోరాడుచునే ఆ విజయమును సాధించిన రహీం 1963 జూన్ 11న కన్నుమూసెను.

పంతులు పోయిన పిదప బడి ఒక్కనాటిలో మూతపడలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచెను. ఆ తరువాత ఆ కప్పు తెలుగునాటికి మరల రాలేదు. ఆటగాండ్రు పుట్టుచునే యుండిరి. కాని నిలువలేదు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్ చేరెను. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ వంటి వారు కలకత్తాలోనే పేరు గడించిరి. 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ పక్షమున గోలు చేసిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదువాడే. చేతికి వచ్చిన పంట పొరుగూరి గాదెకు చేరుచున్నను, విత్తనము మనదే కదా అని మనవారు తృప్తిపడిరి. పిదప శాఖలు ఆటగాండ్రకు కొలువులిచ్చుట తగ్గెను. క్రీడాసంఘములలో తగవులు పెరిగెను. పిల్లలు ఆడు ఖాళీస్థలములు ఇండ్లస్థలములయ్యెను. విత్తనమును కూడ వెదకికొనవలసిన స్థితి వచ్చెను.

దీనికంతటికి క్రికెట్టే కారణమని అనువారు కలరు. టెలివిజను అనువారు, సెల్‌ఫోను అనువారు కూడ కలరు. ఈ మాటలో కొంత నిజమున్నది గాని పూర్తి నిజము లేదు. క్రికెట్టు బెంగాలులో లేదా? ఫోను కేరళలో లేదా? మలప్పురము జిల్లాలో ఏడుగురేసి ఆడు ఫుట్‌బాల్ పోటీలకు పల్లెప్రజలు నేటికిని టిక్కెట్టు కొని వెళ్ళుచున్నారు. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుది పోరు మన గచ్చిబౌలిలోనే జరిగెను. ఆడినవి బెంగాల్, కేరళ జట్లు. మన మైదానమున, మన ఆతిథ్యమున, మనము లేని పెండ్లి అది.

ఓటమియే ప్రేక్షకుని తరిమివేసినదను వాదము కూడ నిలువదు. కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ జట్టు వరుసగా మూడు సీజనులు అట్టడుగున నిలిచెను. వానిలో మొదటి సీజనున 22 ఆటలలో ఒక్కటి, తరువాతి రెండింటిలో రెండేసి మాత్రమే గెలిచెను. ప్రేక్షకుడు తిట్టెను, నిట్టూర్చెను, మరల చూచెను. 2025లో ఆ జట్టు తుది దశ పోటీలకు చేరినప్పుడు అందరికన్న మిన్నగా సంతసించినవాడు ఆ తిట్టినవాడే. ఓడు జట్టును ప్రేక్షకుడు క్షమించును. లేని జట్టును ఏమి చేయగలడు?

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు కలిగిన రెండవ దెబ్బ సరిగా ఇట్టిదే. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభమైనప్పుడు దానిలో తెలుగువారి జట్టు లేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అను క్లబ్బు వచ్చెను. రెండేండ్లు కరోనా కారణమున ఆటలన్నియు గోవాలోనే జరిగెను. 2022 మార్చి 20న ఆ క్లబ్బు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3–1తో ఓడించి లీగు విజేతయయ్యెను. అనగా తన ఊరి మైదానమున ఒక్క ఆటయు ఆడకుండ గడిచిన సీజనులో ఆ కప్పు వచ్చెను. ప్రేక్షకుడు దానిని తెర మీదనే చూచెను. సరే, కప్పు వచ్చినది, ఇక మంచికాలమే అనుకొనెను. ఏడాది దాటినదో లేదో ఆటగాండ్ర వేతన బకాయిలపై వివాదములు రేగెను. పేరున్నవారందరు వెడలిపోయిరి. 2023–24లో విజేతల క్లబ్బు అట్టడుగున పడెను. 2024లో యాజమాన్యము మారెను. 2025లో ఆ క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చిరి. విజేతయైన మూడేండ్లకు హైదరాబాదులో ఆ జట్టే లేదు. రహీం జీవితమును చూపిన హిందీ చిత్రము 'మైదాన్' 2024లో వచ్చినప్పుడు మనవారు ఉత్సాహముతో చూచిరి. మైదానములో చూడవలసినదానిని సినిమాహాలులో చూచుకొనుటయే మన భాగ్యమైనది.

ఇచ్చట నిలిచి ఒక ప్రశ్న వేసికొనవలెను. జట్టు ఎవరిది? పోలీసు జట్టు పోలీసు శాఖది. శాఖ మనసు మారగానే జట్టు చిక్కిపోయెను. క్లబ్బు పెట్టుబడి పెట్టినవానిది. అతడు దుకాణము మార్చినట్లు ఊరు మార్చెను. రెండు తావులలోను ప్రేక్షకుని అడిగినవారు లేరు. న్యాయముగా చూచిన, అడుగవలసిన బాధ్యతయు వారికి లేదు. అభిమానము తప్ప అతనికి దానిలో భాగమేమియు లేదు కదా!

జర్మనీలోని రూర్ బొగ్గుగనుల సీమలో గెల్సెన్‌కిర్షెన్ అను పట్టణమున్నది. అచ్చటి షాల్కె 04 అను ఫుట్‌బాల్ సంఘము 1904లో పుట్టినది. దాని ఆటగాండ్రను నేటికిని 'గనివారు' అనియే పిలుతురు. స్టేడియములో ఆటగాండ్రు నడచివచ్చు దారిని బొగ్గుగని సొరంగమువలె తీర్చిరి. 2018 డిసెంబరులో జర్మనీలోని చివరి రాతిబొగ్గు గని మూతపడెను. షాల్కె మూతపడలేదు. క్రింది తరగతికి దిగజారిన సంవత్సరములలోను ఊరు దానిని విడువలేదు. దానికి యజమాని ఒక ధనికుడు కాడు. లక్షకు పైబడిన సభ్యులు. దానిని మూట గట్టి వేరొక ఊరికి కొనిపోవుట ఎవరి తరమును కాదు.

అమెరికాలో ఇంకొక వింత జరిగెను. కాళ్ళకు చక్రముల బూట్లు తొడుగుకొని గుండ్రని బాటపై ఒకరినొకరు త్రోసికొనుచు పరుగెత్తు రోలర్ డెర్బీ అను ఆట 1935లో చికాగోలో పుట్టెను. లియో సెల్ట్‌జర్ దానిని వ్యాపారముగా నడిపెను. టెలివిజనులో దానిని చూచువారు అసంఖ్యాకులు. 1973లో ఆయన కుమారుడు సంస్థను మూసివేసెను. అభిమానులు ఎంత మొత్తుకొన్నను లాభము లేకపోయెను. 2001 తరువాత టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరమున కొందరు స్త్రీలు ఆ ఆటను మరల మొదలిడిరి. ఈ మారు సంఘములను నడిపినవారు ఆడువారే. వ్యాపారముగా మరణించినది తమ సొంత ఆటగా లేచి పలు దేశములకు ప్రాకెను.

ఇక మన బొగ్గుగనుల సంగతి. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండిరి. నేడు సుమారు నలువదివేల మంది. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగెను. వంద మంది చేయు పనిని యంత్రము చేయుచున్నది. పనివారు తగ్గినకొలది ఆడువారును తగ్గుదురు, చూచువారును తగ్గుదురు. కాంట్రాక్టు పనివానికి ఆటకు తీరిక యెక్కడిది? హైదరాబాదులో జరిగినది గోదావరిఖనిలో నిశ్శబ్దముగా జరుగు ప్రమాదమున్నది. అచ్చట క్లబ్బు పోయినప్పుడు పత్రికలు వ్రాసెను. ఇచ్చట ఒక గని జట్టు లేకుండపోయిన వ్రాయువారెవరు?

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని లాభము లేదు. సింగరేణి, ఎన్‌టీపీసీ, ఎరువుల కర్మాగారము, పోలీసు శాఖ, ఇన్ని సంస్థలు ఒక్క రామగుండము చుట్టునే యున్నవి. ఏటేట కొందరు ఆటగాండ్రకు కొలువులిచ్చి, తమలో తాము ఒక లీగు నడుపుకొనుట వానికి పెద్ద వ్యయము కాదు. మైదానములు పండుగనాటి సభలకు మాత్రమే గాక, ప్రతి సాయంకాలము కార్మికుల పిల్లలకు తెరచి యుండవలెను. అన్నిటికన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. జట్టుకు సభ్యులుండవలెను. నెలకు పది రూపాయల చందా ఇచ్చువాడు పదివేల మందిలో ఒకడైనను, జట్టును గూర్చి అడుగుటకు అతనికి అధికారమేర్పడును. యూనియను చందా కట్టి హక్కును అడుగుట ఎరిగిన ఈ సీమవారికి ఇది క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

గొంతు బొంగురుపోవునట్లు అరచువానికి ఒక రసీదు ఇచ్చి చూడుడు. ఆ జట్టును కదలించుట అంత సులభము కాబోదు.