పెండ్లిపందిటి వెలుగులు

మన దేశమున దీపము లేని శుభకార్యము లేదు. పెండ్లిపీటల చెంత వెలుగు కుందులు మొదలుకొని వీథివాకిట మెఱయు తోరణదీపముల వరకు ప్రతి వెలుగును ఆ యింటివారి సంతోషమును నలుగురికిని చాటుచుండును. మన ముహూర్తములు పెక్కు రాత్రివేళలందు వచ్చుటచే పెండ్లికిని దీపమునకును గల పొత్తు మఱింత బలపడినది. ఇటీవలి కాలమున పెండ్లిండ్లయందు మఱియొక వేడుక చేరినది. భోజనములు ముగిసిన పిదప బంధుమిత్రులు ఒకచోట గుమిగూడి పాటలకు అనుగుణముగ నృత్యము చేయుదురు. పాటలను తెగకుండ ఒకదానివెంట నొకటి వినిపించువానిని డీజే అందురు. పాటతోపాటు నృత్యస్థలమునకు రంగురంగుల వెలుగులు సమకూర్చు భారము కూడ తఱచుగా అతనిపైననే పడుచున్నది.

అట్టి వెలుగులు ఎన్ని యుండవలెను? ఎంత వ్యయమున వానిని సమకూర్చుకొనవచ్చును? వానివలన ఎవరికిని కీడు కలుగకుండుటకు ఏమి చేయవలెను? దీపములు ఎంత హెచ్చుగా నున్న అంత గొప్ప యని తలచి, అప్పు చేసియైనను లారీల కొలది సామగ్రిని తెప్పించు గృహస్థులు కలరు. ఉపాధి కొఱకు ఈ వృత్తిలో ప్రవేశించి, మొదటనే ఖరీదైన దీపములను వడ్డీకి తెచ్చిన సొమ్ముతో కొని చిక్కులపాలగు యువకులును కలరు. కాంతి స్వభావము నెఱిగినవారికి నాలుగు చిన్న దీపములు చాలును. ఎఱుగనివారికి నలుబదియు చాలవు.

పూర్వము పెండ్లి ఊరేగింపులకు దివిటీలును కాగడాలును వెలుగు నిచ్చెడివి. నూనెలో తడిసిన గుడ్డలు భగ్గున మండుచుండగా వానిని పట్టినవారు పల్లకికి ఇరువైపుల నడచెడివారు. తరువాత జర్మనీ దేశమున పుట్టిన పెట్రోమాక్సు దీపము మన పల్లెలకు వచ్చినది. దానిలో కిరసనాయిలు గాలి ఒత్తిడిచే పైకెగసి, వేడికి ఆవిరియై మండి, మాంటిల్ అను సన్నని వల సంచిని తెల్లగా ప్రకాశింపజేయును. ఆ బరువైన దీపములను తలపై మోయుచు కూలివారు ఊరేగింపుతో నడచెడివారు. వారు మోసిన వెలుగు వధూవరుల ముఖములపై పడెడిది గాని, మోయువారి ముఖములు మాత్రము నీడలోనే యుండెడివి.

పల్లెలకు విద్యుత్తు వచ్చిన పిమ్మట సీరియల్ సెట్లు వెలసినవి. చిన్న చిన్న బల్బులను ఒకే తీగపై వరుసగా కూర్చుటచే వానికి ఆ పేరు వచ్చినది. ఆఱు వోల్టుల బల్బులను దాదాపు 38 వరుసగా కలిపినచో 230 వోల్టుల విద్యుత్తు వానికి సమముగ పంచబడును. వానిలో ఒక్క బల్బు మాడినను విద్యుత్తు దారి తెగి దండ యంతయు ఆరిపోవును. ఒక్కరి లోపముచే వరుస యంతయు చీకటిపాలగుట ఈ పద్ధతిలోని కష్టము.

నాటకశాలలనుండి పార్ లైట్లు పెండ్లిపందిళ్లకు వచ్చినవి. లోపల అద్దమువలె మెఱయు పుటాకారపు పళ్లెము బల్బు కాంతిని ఒక్క దిక్కునకు మరల్చుట వీని విశేషము. పాత పార్ లైట్లలో ఒక్కొక్క బల్బు 500 గాని 1000 గాని వాట్ల విద్యుత్తును తీసికొనెడిది. అందు నూటికి పదిపాళ్లకంటె తక్కువ భాగమే వెలుగగును. తక్కినదంతయు వేడియై వ్యర్థమగును. రంగు కావలసినచో దీపము ముందు రంగుకాగితమును కట్టవలెను. ఎఱ్ఱకాగితము ఎఱుపును మాత్రము వదలి మిగిలిన రంగులను మ్రింగివేయును గనుక ఉన్న కొద్ది వెలుగులోను చాల భాగము నష్టమగును.

ఈ నష్టమును తొలగించినది ఎల్.ఇ.డి. దీపము. 1962 వ సంవత్సరమున నిక్ హోలోన్యాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కంటికి కనబడు ఎఱ్ఱని కాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని రూపొందించెను. నీలికాంతి మాత్రము చాలకాలము శాస్త్రజ్ఞులకు చిక్కలేదు. జపాను దేశమున పుట్టిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అను మువ్వురు చిరకాలము శ్రమించి ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించిరి. అందులకై వారికి 2014 లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. వారి కృషియే నేడు మన పందిళ్లలో వెలుగుచున్నదనిన అతిశయోక్తి కాదు. ఏలయన ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులు ఒకచోట చేరినచో ఇంచుమించు ఏ రంగునైనను కల్పింపవచ్చును. నీలము లేనిదే ఆ మూడును పూర్తి కావు.

ఇచట ఒక చిన్న లెక్క వేయుదము. పాత పద్ధతి దీపములు నాలుగు, ఒక్కొక్కటి 500 వాట్లు. మొత్తము 2000 వాట్లు. దీనిని 230 తో భాగించినచో 8.7 ఆంపియర్ల విద్యుత్ప్రవాహము వచ్చును. ఇంటిలోని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దీనిని భరింపజాలదు. నేడు విరివిగా వాడుకలోనున్న పార్ లైటులో 3 వాట్ల ఎల్.ఇ.డి.లు 54 ఉండును. అవి యన్నియు నిండుగా వెలిగినను 162 వాట్లు. అట్టివి నాలుగైనను 648 వాట్లు, అనగా 2.8 ఆంపియర్లు మాత్రమే. ఒక్క చిన్న ప్లగ్గు చాలును, పెద్ద జనరేటరు అక్కఱలేదు. ఇట్టి దీపము సాధారణమైనది రెండు మూడు వేల రూపాయలకు లభించుచున్నది. కావున క్రొత్తగా వృత్తి నారంభించు యువకుడు నాలుగు దీపములు, రెండు గట్టి స్టాండులు కొన్నచో చిన్న వేడుకలకు అవి సరిపోవును.

ఇల్లలుకగానే పండుగ కాదు. కొన్న దీపములను ఎచట, ఎట్లు, ఏ రంగున వెలిగింపవలెనో తెలిసికొనవలెను. మొదట రంగుల సంగతి. చిత్రలేఖనమున రంగులను కలపిన కొలది నలుపునకు దగ్గఱ యగును. కాంతులను కలపిన కొలది తెలుపునకు దగ్గఱ యగును. ఎఱుపును ఆకుపచ్చయు కలిసినచో పసుపుపచ్చ కాంతి వచ్చును. ఎఱుపును నీలమును కలిసినచో ముదురు గులాబివన్నె వచ్చును. దీపములోని ఒక్కొక్క రంగు బలమును సున్న మొదలు 255 వరకు 256 మెట్లుగా మార్చుకొనవచ్చును. మూడు రంగులను ఈ విధముగ కలపినచో 1,67,77,216 కూర్పులు ఏర్పడును. విద్యార్థులు 256 ను మూడుమారులు వేసి గుణించి చూచుకొనవచ్చును.

ఇన్ని రంగులున్నవని అన్నింటిని ఒక్కమారు చల్లుట అవివేకము. ఒక వస్తువు తనపై పడిన కాంతిలో తన రంగును మాత్రమే తిరిగి పంపును. వధువు కట్టిన ఎఱ్ఱని పట్టుచీరపై నీలికాంతి మాత్రమే పడినచో తిరిగి పంపుటకు అందు ఎఱుపు లేదు. అంత విలువగల చీరయు నల్లగా కన్పట్టును. పసుపు బట్టల గతియు నీలికాంతిలో అంతియే. ఆకుపచ్చ కాంతి ముఖములపై పడినచో ఆరోగ్యవంతులు సైతము రోగులవలె కనబడుదురు. ఎఱుపునకు కొంచెము ఆకుపచ్చ చేర్చిన నారింజ వన్నె ముఖములకు పసిమి నిచ్చును. కావున మనుష్యులపై నారింజ వన్నెనో లేత గులాబినో పడనిచ్చి, నీలమును ఆకుపచ్చను వెనుకగోడకు పరిమితము చేయుట మేలు.

ఇక దీపముల నుంచు చోటు. చిన్న దీపమునకు దూరము రెట్టింపైనచో వెలుగు సగము గాక నాల్గవవంతగును. అయిదడుగుల దూరమున పడు వెలుగు పదియడుగుల దూరమున నాల్గవ పాలే. కావున దూరముగ నుంచిన గొప్ప దీపముకంటె దగ్గఱగ నుంచిన చిన్న దీపము మేలు. నృత్యస్థలమునకు ఇరుప్రక్కల ఎనిమిదడుగుల ఎత్తున స్టాండులపై రెండేసి దీపములు అమర్చి, ఏటవాలుగ క్రిందికి త్రిప్పవలెను. ఇరువైపులనుండి వెలుగు వచ్చినచో ఒక దీపము వేసిన నీడను మఱియొకటి పోగొట్టును. దీపము కన్నులకు సూటిగా కొట్టరాదు. పందిరి వెనుక సున్నము కొట్టిన గోడయున్నచో ఒక దీపమును నేలపై నుంచి దానివైపు త్రిప్పవచ్చును. తెల్లనిగోడ ఏ రంగునైనను స్వీకరించి తిరిగి వెదజల్లును గనుక గోడయే పెద్ద దీపముగ మాఱును.

తక్కువ వ్యయమున ఎక్కువ శోభ నిచ్చు సాధనము మఱియొకటి కలదు. అదియే అద్దపుబంతి. ఒక గోళముపై వందలకొలది చిన్న అద్దపుముక్కలను అంటించి, పైనుండి వ్రేలాడదీసి, చిన్న మోటారుతో మెల్లగా త్రిప్పుదురు. అమెరికాలో 1917 లో లూయీ వోస్టే అను నతడు ఇట్టిదానికి పేటెంటు పొందెను. ఒక్క సన్నని కాంతిరేఖ బంతిపై పడినంతనే వందల వెలుగుచుక్కలు గోడలపై నక్షత్రములవలె పయనించును. సమతలదర్పణము ఒక పాలు తిరిగినచో దానినుండి మరలిన కిరణము రెండుపాళ్లు తిరుగును. అందుచేతనే బంతి మెల్లగా తిరిగినను చుక్కలు చుఱుకుగా కదలుచున్నట్లుండును. బంతిని ఒక గట్టి గొలుసుతో కట్టి, అది తెగినను పడకుండ రెండవ త్రాడును కట్టుట మఱవరాదు.

పాటకు తగినట్లు వెలుగు మాఱుటకు వేఱొక యంత్రము కొననక్కఱలేదు. పెక్కు దీపములలోపల చిన్న మైక్రోఫోను అమర్చబడి యుండును. అది డోలుదెబ్బను గ్రహించి రంగు మార్చును. ఒక తీగతో దీపముల నన్నిటిని కలిపినచో మొదటిదాని ననుసరించి మిగిలినవియు మాఱును. అయినను మార్పు మితముగ నుండవలెను. 1997 డిసెంబరు 16 న జపానులో టెలివిజనుపై పోకెమాన్ అను బాలల చిత్రమున ఎఱుపు నీలి కాంతులు కొన్ని క్షణములు అతివేగముగ మినుకుమినుకుమనగా, దానిని చూచిన 600 మందికి పైగా బాలబాలికలు అస్వస్థులై ఆసుపత్రులకు చేర్చబడిరి. వారిలో కొందఱికి మూర్ఛలు వచ్చెను. సెకనుకు మూడు మొదలు ముప్పది వఱకు వచ్చు మెఱపులు కొందఱి మెదడునకు అపాయకరములు. పందిటిలో పసిపిల్లలు, వృద్ధులు, మూర్ఛవ్యాధి గలవారు ఉండవచ్చును గనుక అట్టి మెఱపుదీపములను మానుటయే శ్రేయము.

లేజరు కిరణముల విషయమున మఱింత జాగ్రత్త వలయును. సాధారణ దీపకాంతి దూరమైన కొలది విరిసి పలుచనగును. లేజరు కిరణము విరియక సూదివలె సాగిపోవును. కంటిలోని కటకము దానిని ఒక్క బిందువునకు చేర్చగా రెప్పపాటులోనే నేత్రపటలము కాలిపోవచ్చును. 2008 జూలైలో మాస్కో సమీపమున జరిగిన ఒక సంగీతోత్సవమున లేజరు కిరణములు జనులపై పడుటచే పలువురి కంటిచూపు దెబ్బతినెను. ఒక్క రాత్రి వేడుకకై జీవితకాలపు చూపును పణముగ పెట్టుట తగునా? బలమైన లేజరులేని పందిరికి వచ్చిన లోటేమియు లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది విద్యుత్తు విషయమున మెలకువ. వీథిస్తంభముల తీగలకు కొక్కెము తగిలించి విద్యుత్తు తీసికొనుట 2003 నాటి విద్యుచ్ఛట్టము ప్రకారము దొంగతనము. అంతేగాక అది ప్రాణాంతకము. ప్రతి దీపమునకు మూడు కాళ్ల ప్లగ్గు, చెడని ఎర్తు తీగ యుండవలెను. అతుకులు పడిన వైర్లను నేలపై పఱచి జనులను వానిపై నడువనీయరాదు. ఆర్.సి.సి.బి. అను చిన్న సాధనము కలదు. పోయిన విద్యుత్తును తిరిగివచ్చిన విద్యుత్తును అది సరిచూచుచుండును. ఆ రెంటికిని 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినంతనే, అనగా విద్యుత్తు మనుష్యుని దేహముగుండ నేలకు పోవుచున్నచో, రెప్పపాటులో సరఫరాను తెంచివేయును. దీపములలో ఒకటి తగ్గినను సరే, ఈ సాధనమును కొనక మానరాదు. వాన చినుకు పడినంతనే బయటి దీపములను ఆర్పవలెను. ఊరేగింపు బండిపై ఎత్తుగా దీపములు కట్టునపుడు పైనున్న తీగలను చూచుకొనవలెను. వానిలో కొన్నింటియందు 11,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును. ఎవరికైనను షాకు తగిలినచో ఆతురపడి వారిని పట్టుకొనక, ముందు స్విచ్చి నార్పి, పిదపనే దగ్గఱకు పోవలెను.

వేడుకలో అందఱును ఆనందించుచుండగా, వైర్లు పఱచుచు, స్టాండు లెక్కుచు, వానలో తడియుచు శ్రమించు యువకులు కొందఱుందురు. నాడు పెట్రోమాక్సును తలపై మోసినవారి వారసులు వీరే. వీరిలో పెక్కురు మీకంటె నాలుగైదేండ్లు మాత్రమే పెద్దవారు. దీపముల సంఖ్యను పెంచుమని వారిని తొందరపెట్టుటకంటె, వారి చేతికి రబ్బరు తొడుగు, కాలికి చెప్పు, వేళకు భోజనము ఉన్నవో లేవో విచారించుట గృహస్థుని ధర్మము. మీ యింట పెండ్లి జరిగినపుడు పందిటిలోని దీపములను ఒకమారు పరికించి చూడుడు. ఎర్తు తీగ యున్నదా? వైరు తడియుచున్నదా? కాంతి ఎవరి కన్నులలోనైన కొట్టుచున్నదా? ఈ మూడింటిని గమనించి పెద్దలకు తెలుపగలిగినచో మీరు చదివిన పాఠము పందిటిలోని అందఱికిని ఉపయోగపడినట్లే.