ఒడియా బోర్డు, సవర వాచకం, ఉద్దానం యాస: కొన్ని అపోహలు

భిన్న సంస్కృతులవాళ్లు కలిసి చదవడం, కలిసి పనిచెయ్యడం అనే మాట ఎత్తితే చాలు, శ్రీకాకుళం జిల్లా పలాసలో వచ్చే జవాబు ఒకటే. "అదంతా బెంగళూరు, హైదరాబాదు గొడవండీ. ఇక్కడ అందరం తెలుగువాళ్లమే."

టెక్కలి పక్కన నౌపడ జంక్షన్‌లో గుణుపురం రైలెక్కిన మనిషి ఈ మాట అనడు. పాతపట్నం, పర్లాకిమిడి దాటేలోపు తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడతాయి. 1936 ఏప్రిల్ 1కి ముందు ఇదంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. ఆ రోజు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మధ్యలో గీత పడింది. మనుషులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. అందుకే ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియా ఇళ్లు, ఒడియా మీడియం సర్కారు బడులు; అటు బరంపురం, పర్లాకిమిడిలో తెలుగు ఇళ్లు. ఈ వైవిధ్యం ఎవరో ఈమధ్య తెచ్చిపెట్టింది కాదు.

అపోహ: సవర తెలుగుకి ఒక యాస. లిపి లేదు కాబట్టి చదువుకి పనికిరాదు.

ఇందులో రెండు తప్పులున్నాయి. సవర తెలుగు కుటుంబంలోదే కాదు. అది ముండా భాష. సంతాలీకి చుట్టం, ఇంకా దూరంగా చూస్తే వియత్నాం, కంబోడియా భాషలకీ చుట్టమే. సవర ఇంట్లో పుట్టిన పిల్లకి ఒకటో తరగతి తెలుగు వాచకం పూర్తిగా పరాయి భాష. ఆ పిల్ల పలకకుండా కూర్చుంటే "మొద్దు" అనేస్తాం.

ఇక లిపి సంగతి. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో రాజావారి బడి పంతులు. ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని అతని దగ్గర భాష నేర్చుకున్నారు. తర్వాత సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు నడిపారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. మనం మాత్రం ఏటా ఆగస్టు 29న ఆయన్ని తెలుగు భాషా దినోత్సవానికి మాత్రమే తలుచుకుంటాం, సవర సగాన్ని వేదిక మీద ఎవరూ ఎత్తరు. పోనీ లిపే కావాలన్నా, 1936లో మంగేయి గొమాంగో సవరకి సోరా సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని కూర్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో ఆదివాసీ పిల్లలకి వాళ్ల భాషల్లోనే చదువు మొదలుపెట్టినప్పుడు, ఆ 8 భాషల్లో సవర ఒకటి. పాఠాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. లిపి ఎప్పుడూ అడ్డం కాలేదు.

అపోహ: ఇంటి భాషలో చదివిస్తే పిల్లలు వెనకబడతారు.

తల్లిదండ్రుల భయంలో న్యాయముంది. పై తరగతులకొచ్చేసరికి తెలుగు, ఇంగ్లీషు గట్టిగా రాకపోతే ఆంధ్రాలో ఉద్యోగం కష్టమే. కానీ చదవడమనే విద్య పట్టుబడవలసింది ఒక్కసారే. నోట్లో ఉన్న మాటను అక్షరంలో పోల్చుకున్న పిల్ల రెండో భాషలో ఆ పని మళ్లీ మొదటినుంచి చెయ్యక్కర్లేదు. యునెస్కో 1953లోనే మాతృభాషలో చదువు మొదలవ్వాలంది. 1956లో మన రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చూడమంది. తెలుగు మానెయ్యమని ఎవరూ అనలేదు. దాన్ని ఏ తరగతిలో, ఎంత పాలు కలపాలన్నదే అసలు చర్చ. ఆ చర్చ మన ఊళ్లలో జరగడం లేదు.

అపోహ: ఉద్దానం (పలాస, సోంపేట చుట్టుపక్కల ప్రాంతం) యాస తప్పు తెలుగు.

పుస్తకాల తెలుగుకి ఆనవాలుగా తీసుకున్నది ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. అంతే. బడి తెలుగు జనం మాట్లాడే తెలుగు కావాలని పోరాడిన గిడుగు ఈ జిల్లా మనిషే. అయినా ఈ జిల్లా పిల్లల "ఏటి"ని సినిమాల్లో నవ్వులకి వాడతారు. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) 'యజ్ఞం' కథలో ఈ జిల్లా మాట చదివినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: పనిచోట అందరికీ ఒకటే పద్ధతి, అదే సమానత్వం.

పలాస జీడి ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. పిక్క కాల్చేచోట, కొట్టేచోట పెంకులోంచి వచ్చే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. హెచ్చరిక ఒక్క తెలుగులోనే రాసి పెడితే అది అందరికీ ఒకటే పద్ధతి, నిజమే; ఒడియా మాత్రమే చదవగలిగిన ఆమెకి మాత్రం అక్కడ హెచ్చరికే లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం నోటీసులు ఇంగ్లీషుతోపాటు ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలో ఉండాలంది. తక్కువమంది మాట చట్టం ఎత్తలేదు. నన్నడిగితే, ఇంకో వరస రాయించడానికి చట్టం చెప్పేదాకా ఆగక్కర్లేదు.

"వచ్చినవాళ్లే మన భాష నేర్చుకోవాలి" అనేవాళ్లు ఇటునుంచి పోయినవాళ్లనీ లెక్కేసుకోవాలి. ఒకప్పుడు ఈ తీరంవాళ్లు బర్మా వెళ్లారు. ఇప్పుడు శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోతున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో తిరిగొచ్చిన 20 మంది ఆంధ్రా మత్స్యకారులు అలా పోయినవాళ్లే. వేరావల్‌లో పరాయి భాషవాళ్లు మనవాళ్లే.

ఇక ఉద్యోగాలిచ్చేవాళ్లతో ఒక మాట. దరఖాస్తులో 'తెలిసిన భాషలు' అనే గడిలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాసి ఒడియా దగ్గర మొహమాటపడే ఇచ్ఛాపురం కుర్రాళ్లున్నారు. సవర రాసేవాళ్లు మరీ తక్కువ. బరంపురం బజారుతో బేరం చెయ్యాలన్నా, మందస కొండల్లో ఆశా కార్యకర్తగానో బ్యాంకు మిత్రగానో తిరగాలన్నా ముందు కావలసినవి ఆ రెండే. ఇంటర్వ్యూలో మీరే అడగండి.