ప్రశ్నలోని వంకర

చూపు మందగించిన పిల్లలను "సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టం?" అని అడిగి, 'కష్టం లేదు' మొదలు 'చేయలేను' వరకు అయిదు మెట్లు చూపించామనుకుందాం. వారు చెప్పిన మెట్టు వారి చూపునే కొలుస్తున్నదా?

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పేరుతో 2003లో వెలువడిన ప్రశ్నావళిలో ఇటువంటి ప్రశ్నలు 19 ఉన్నవి. 8 నుండి 18 ఏండ్ల బడిపిల్లలను 78 మందిని నోటిమాటగా అడిగి దానిని పరీక్షించారు. నల్లబల్ల, బస్సు నంబరు, రూపాయి నాణేనికీ రెండు రూపాయల నాణేనికీ తేడా, ఇవన్నీ మన పిల్లలకు పరిచయమైనవే. పరదేశపు ప్రశ్నలను తర్జుమా చేయడం కంటె ఇది మేలు.

కాని పాతబస్తీ సందులలో అడిగి చూడండి. "రాత్రి వీధిదీపాల వెలుగులో ఒంటరిగా ఇంటికి రాగలవా?" చీకటిపడ్డాక గడప దాటనివ్వని ఆడపిల్ల 'చేయలేను' అంటుంది. ఆ మాట నిజమే, కారణం మాత్రం కన్ను కాదు. సమానమైన చూపుగల రెండు వర్గాలవారు ఒకే ప్రశ్నకు వేరువేరు జవాబులిస్తే దానిని ప్రశ్న పక్షపాతం అంటారు. దీనిని పట్టుకొనుటకు డెన్మార్కు గణితజ్ఞుడు జార్జ్ రాష్ 1960లో ప్రకటించిన పద్ధతి ఉపకరిస్తుంది. పిల్లల శక్తినీ, ప్రశ్నల కాఠిన్యాన్నీ ఒకే కొలబద్దపై గుర్తిస్తారు. బాలురకు, బాలికలకు, తెలుగువారికి, ఉర్దూవారికి విడివిడిగా లెక్కించినపుడు ఏ ప్రశ్న తన చోటునుండి జరుగునో దానిని తిరగ రాయవలెను, లేదా తీసివేయవలెను. అయితే ప్రశ్నలన్నీ ఒకే వైపు ఒరిగితే ఈ లెక్క కూడా మోసపోతుంది!

జవాబిచ్చేవారి అలవాటు వేరొక చిక్కు. లైకర్ట్ 1932లో అయిదు మెట్ల కొలతను ప్రచారంలోకి తెచ్చాడు. కొందరు అన్నిటికీ తల ఊపుదురని, కొందరు చివరి మెట్లకే పోదురని, కొందరు నడిమి మెట్టునే ఆశ్రయింతురని తరువాత తేలినది. కలము పట్టుకొని కూర్చున్న పెద్దమనిషి ఎదుట "కష్టం లేదండి" అనడం మన పిల్లలకు మర్యాద. ఆ మర్యాదవల్ల భూతద్దం అందదు, ముందు బల్ల మీద చోటు దొరకదు.

తల ఊపేవారిని కనిపెట్టుటకు కొన్ని ప్రశ్నలను వ్యతిరేకార్థంలో అడుగుతారు. మన భాషలో అది తంటా. "కష్టం లేదా?" అంటే "ఆఁ" అంటారు. ఆ 'ఆఁ' ఉన్నదనా, లేదనా? అందుచేత చిన్నపిల్లల వద్ద, "మొన్న బస్సు నంబరు ఎవరు చదివి చెప్పారు?" అని జరిగిన పనిని గూర్చి అడగడమే మంచిది.