ప్రింటరు సిరాను ఇంటనే నింపుకొను విధము

ఉప్పుజాడి వట్టిపోయినచో ఉప్పు తెచ్చి నింపుకొందుము గాని, జాడిని వీథిలో పారవైచి క్రొత్తజాడి కొనము. ప్రమిదలో నూనె తీరినచో నూనె పోయుదుము గాని, ప్రమిదను పగులగొట్టము. ఇది మన కెవ్వరును నేర్పవలసిన పని గాదు. కాని నేడు మన యిండ్లలో బల్లమీద కూర్చున్న ప్రింటరు విషయమున మాత్రము మన మీ యింగితమును మరచుచున్నాము. సిరా తీరినదని యంత్రము చెప్పినంతనే, సిరాతోబాటు దానిని మోయు పెట్టెను గూడ పారవైచి క్రొత్తది కొనుచున్నాము. ఆ పెట్టెనే కాట్రిడ్జ్ అందురు. దానిని ఇంటనే మరల నింపుకొనుట ఎట్లో, ఎప్పుడు నింపరాదో మా యనుభవమునుండి చెప్పెదము.

కొంతకాలము క్రిందట ఒకరాత్రి మా యింట జరిగిన సంగతి ఇది. మా ప్రక్కవాటాలో కుట్టుపనిచే సంసారము నడుపుకొను ఒక యిల్లాలు గలదు. ఆమె కూతురునకు మరునాటి యుదయమున ప్రవేశపరీక్ష. రాత్రి తొమ్మిది దాటిన పిదప తల్లీకూతుళ్ళు మా గుమ్మములో నిలిచి, “అక్కయ్యగారూ, హాల్ టిక్కెట్టు అచ్చు తీసి యీయవలెను” అనిరి. తీయబోవునప్పటికి కంప్యూటరు తెరపై నల్లసిరా అయిపోయినదనియు, కాట్రిడ్జ్ మార్చుమనియు కనబడెను. అంగళ్ళన్నియు మూసివేసిరి. పిల్ల కన్నుల నీరు నిండెను. ఏమియు తోచక నిలుచున్న మమ్ము చూచి, మంచముపై కూర్చున్న మా అత్తగారు, “అయిపోయినదని యెవరు చెప్పిరే అమ్మాయీ?” అని యడిగిరి.

“యంత్రమే చెప్పుచున్నది, అత్తయ్యా” అంటిమి.

“పంచదార అయిపోయినదని పిల్లలు చెప్పినచో, డబ్బామూత తీసి చూడకయే నమ్ముదువా?” అనిరి ఆమె.

సిగ్గుపడి, ఆ హెచ్చరికను దాటించు మీట నొక్కి చూచితిమి. కాగితము కదలెను. అక్షరములు కొంచెము పలుచనైనను, పిల్ల ఫొటోయు, సంఖ్యయు, పరీక్షాస్థలమును స్పష్టముగా వచ్చెను. ఆ కాగితమును ఆమె రెండుచేతులతో పట్టుకొని పోయిన తీరు మేము మరువలేదు.

అప్పుడు మాకు తెలిసినదేమన, ఇట్టి ప్రింటర్లలో పెక్కు లోపలి సిరాను చూచి చెప్పుట లేదు. ఎన్ని చుక్కలు చిమ్మినదో లెక్కవేసి, ఇక నింతే మిగిలియుండునని ఊహించి చెప్పును. లెక్క ముగిసిన దినముననే సిరాయు ముగియవలెనను నియమము లేదు. అట్లే మనము సిరా నింపినను, ఆ లెక్క మారక, యంత్రము వట్టిపోయినదనియే చెప్పుచుండవచ్చును. అందులకు భయపడ నక్కరలేదు.

ఈ యంత్రము పనిచేయు విధము తెలిసికొన్నచో నింపుట సులువగును. 1977లో జపానునందలి కానన్ సంస్థ పరిశోధనశాలలో, కాలుచున్న సోల్డరింగు కడ్డీ పొరపాటున సిరాసిరంజి సూదికి తగులగా, సూదికొననుండి సిరా చిమ్మెను. ఇచిరో ఎండో అను ఇంజనీరు దానిని గమనించి, వేడిచే సిరాను చిమ్మించు పద్ధతిని కనుగొనిరి. అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ సంస్థవారును 1979లో వేరుగా నిదే మార్గమును పట్టి, 1984లో థింక్‌జెట్ అను ప్రింటరును విడుదల చేసిరి. ఇండ్లలో వాడు చిన్న ప్రింటర్లలో పెక్కింటికి ఆధార మిదియే. కాట్రిడ్జ్ అడుగున తలవెండ్రుకకంటె సన్నని రంధ్రము లుండును. ఒక్కొక్క రంధ్రమువద్ద చిన్న కొలిమివంటిది క్షణములో వేడెక్కి సిరాలో బుడగను పుట్టించును. బుడగ త్రోయగా చుక్క కాగితముపై పడును. ఆ చుక్క ఎంత చిన్నదనగా, 5 మిల్లీలీటర్ల సిరాను 5 పికోలీటర్ల చుక్కలుగా పంచినచో నూరుకోట్ల చుక్క లగును.

దీనినుండి రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది, ఆ కొలిమిని చల్లార్చునది సిరాయే. సిరా పూర్తిగా తీరినను అచ్చు తీయుచునే యున్నచో, నీరులేని కుండను పొయ్యిమీద నుంచినట్లు అది మాడిపోవును. కావున గీతలు పలుచబడగనే ఆపి నింపవలెను. వట్టి కాట్రిడ్జ్‌ను వారములకొలది మూల నుంచినను రంధ్రములలో సిరా గట్టిపడి పనికిరాకుండ పోవును. రెండవది, ఆ రంధ్రములలో నలుసు పట్టరాదు. ఫౌంటెన్ పెన్ను సిరాగాని, ఇంట కలిపిన రంగునీళ్ళుగాని పోయరాదు. పూర్వము మన పెద్దలు దీపముపై మూకుడు బోర్లించి మసిపట్టి, తుమ్మబంకతో నూరి సిరా చేసికొనిరి. నేటి నల్లసిరాలలో కొన్నింట నున్నదియు మసిజాతి బొగ్గుపొడియే. కాని దానిని యెంతో సన్నముగా నూరి వడపోసియుందురు. అది మన రోటిలో నయ్యెడి పని గాదు. కంప్యూటరు సామాను అంగళ్ళలో మీ కాట్రిడ్జ్ సంఖ్య చెప్పి, దానికి తగిన సిరానే కొనుడు.

అడుగున రంధ్రములును, లోపల స్పంజియు గల చిన్న కాట్రిడ్జ్‌లను నింపు విధ మిది. బల్లపై పాతవార్తాపత్రికలు నాలుగు మడతలుగా పరచుడు. చేతులకు తొడుగులు వేసికొనుడు. మంచిచీరతో ఈ పనికి కూర్చుండకుడు. కాట్రిడ్జ్‌పై రాగిరంగు చుక్కలును, అడుగున రంధ్రముల పలకయు నుండును. వానిని వ్రేళ్ళతో తాకరాదు. పైనున్న కాగితపు ముద్రను మెల్లగా లేపినచో చిన్నచిన్న బెజ్జములు కనబడును. మూడురంగుల కాట్రిడ్జ్‌లో ఏ బెజ్జము ఏ రంగుదో మాదిరినిబట్టి మారును. కావున ఒక్కొక్కదానిలో వేరువేరు పండ్లపుల్ల నుంచి తీసి, అంటిన రంగును చూచి తెల్లకాగితముపై గురుతు వ్రాసికొనుడు.

మందులషాపులో దొరకు సిరంజితో సిరా తీసికొని, సూదిని స్పంజిలోనికి దించి, పసిబిడ్డకు ఉగ్గు పోసినట్లు మెల్లమెల్లగా వదలవలెను. త్వరపడినచో గాలిబుడగలు చిక్కుకొని సిరా అడుగునకు దిగదు. చిన్న నల్లకాట్రిడ్జ్‌కు 3, 4 మిల్లీలీటర్లును, రంగులకు ఒక్కొక్కదానికి సుమారు 2 మిల్లీలీటర్లును పోసి చూడుడు. అంతకు ముందే బెజ్జమువద్ద సిరా ఉబికినచో వెంటనే ఆపి, కొంచెము వెనుకకు లాగుడు. ఒక్కొక్క రంగునకు వేరు సిరంజి యుండవలెను. పిదప మడచిన మెత్తని కాగితముపై అడుగుభాగమును అద్దుడు, రుద్దకుడు. నల్లగీతయో, మూడురంగుల చారలో విడివిడిగా పడినచో పని సరిగా నున్నట్లే.

తరువాత పైముద్రను మరల అతికింపవలెను గాని గాలి పోవు సన్నదారిని బిగియ మూయరాదు. నూనెడబ్బాకు ఒకే బెజ్జము చేసినచో ధార సాగదు గదా! లోనికి గాలి రానిదే ఇచ్చటను సిరా దిగదు. ఒక గంటసేపు ఊరనిచ్చి ప్రింటరులో పెట్టుడు. గీతలు తప్పినచో శుభ్రపరచు మీటను ఒకటి రెండు మారులు మాత్రమే వాడుడు. అది నడచిన ప్రతిసారియు సిరా వృథా యగును.

మొదటిసారి మేము చేసిన తప్పును దాచము. పోసినకొలది మేలని తలచి పొంగునంత పోసితిమి. పచ్చరంగు నీలములో కలిసెను. మరునాడు మా పిల్లవాని భారతదేశపటములో బంగాళాఖాతము వరిచేనువలె వచ్చెను. ఆ కాట్రిడ్జ్ మరల బాగుపడలేదు. నేర్చుకొనుటకు కట్టిన రుసుమనుకొంటిమి. రెండవది మాత్రము నాలుగుమారులు నింపినను పనిచేసెను. మా యింటి లెక్కలో రెండుజతల క్రొత్త కాట్రిడ్జ్‌ల వెల ప్రింటరు వెలకు ఇంచుమించుగా సరిపోవుచుండెను. సిరాసీసా వెల అందులో చిన్నపాలే.

“కంపెనీవారు వలదన్నపని చేయవచ్చునా?” అని కొందరు సోదరీమణులు శంకింతురు. అమెరికాలో ఈ వివాదము సుప్రీముకోర్టువరకు పోయెను. లెక్స్‌మార్క్ సంస్థ ఒక్కసారియే వాడవలెనను షరతుతో అమ్మిన కాట్రిడ్జ్‌లను ఇంప్రెషన్ ప్రొడక్ట్స్ అను చిన్నసంస్థ తిరిగి నింపినవి కొని అమ్మెను. 2017 మే 30న ఆ కోర్టు, వస్తువు నమ్మినతోడనే దానిపై పేటెంటుహక్కు తీరిపోవునని తీర్పు చెప్పెను. అది ఆ దేశపు చట్టమే గాని మనది కాదు. అయినను కొన్నవస్తువు కొన్నవారిదే యను ధర్మము అన్నిచోట్ల అర్థమగునదే. అయితే నింపుటవలన కలిగిన చెరుపునకు కంపెనీ పూచీ వర్తింపకపోవచ్చును. యంత్రము క్రొత్తదైనచో ముందుగా పూచీపత్రము చదువుడు.

కొన్నిపట్ల ఈ పని చేయకుండుటయే మేలు. లేజరు ప్రింటరులో నుండునది సిరా గాదు, సన్నని పొడి; దానిని వంటింటి బల్లమీద విప్పరాదు. ఏదినమును అచ్చుపని యుండు ఇండ్లవారు, సీసాతోనే సిరా పోసికొను ట్యాంకు ప్రింటరును కొనుట లాభము. ఎప్సన్ సంస్థ అట్టివానిని 2010లో ఇండోనీషియాలో మొదట విడుదల చేసెను. నేడు మన యూళ్ళలోను దొరకుచున్నవి. ఇక నింపియు నింపియు గీతలు తప్పుచున్న కాట్రిడ్జ్‌ను చెత్తబుట్టలో వేయకుడు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న మన దేశపు ఇ-వ్యర్థముల నియమములలో ప్రింటర్లతోబాటు కాట్రిడ్జ్‌లును చేరియున్నవి. వానిని సేకరించువారికే యీయవలెను. పిల్లలు సిరాసీసాలను తాకకుండ పైయరలో నుంచుటయు మరువరాదు.

ఇప్పుడు మా యింట సిరా నింపుదినమున ప్రక్కవాటా పిల్లయే వార్తాపత్రిక పరచి, పండ్లపుల్లలు వరుసగా పేర్చి కూర్చుండును. ఆమె చేయి మాకంటె నిలుకడ. మొన్న యంత్రము మరల సిరా అయిపోయినదని చెప్పగా, మేము లేవబోవునంతలో ఆమెయే, “ఉండుడు పిన్నిగారూ, మూత తీసి చూతము” అనెను. మా అత్తగారు మంచముమీదనుండి నవ్విరి.