ఏ ఊరి గింజ?

కరీంనగర్ పల్లెల్లో వడ్లు కొనే సెంటర్ల దగ్గర రైతు కష్టానికి తీర్పు చెప్పేది చిన్న తేమ మీటరు. 17 శాతం లోపుంటే కాంటా, దాటితే మళ్లీ ఆరబోత. 2011 మార్చిలో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిన్నాక అక్కడి వరి రైతు ముందుకూ ఇలాంటి తీర్పరే వచ్చింది. అది చూసేది తేమను కాదు, రేడియోధార్మిక సీజియాన్ని. అంగడివాళ్లు చేసుకోవాల్సిన పనిని రైతు నెత్తిన వేశారని కొందరికి అనిపించవచ్చు. నన్నడిగితే ఆ యంత్రం ఉండాల్సిన చోటు అదే. దాని పుట్టుక చూస్తే కారణం తెలుస్తుంది.

కిరణాలనగానే గుర్తొచ్చేది టిక్కు టిక్కుమనే గైగర్ కౌంటర్. కూరల దుకాణంలో అది దాదాపు పనికిరాదు. అరటిపండ్లలో రేడియోధార్మిక పొటాషియం-40 సహజంగానే ఉంటుంది, రేడియోధార్మికతను కొలిచే బెకరెల్‌లలో చెబితే కిలోకు వంద పైమాటే. 2012 ఏప్రిల్ నుంచి జపాన్‌లో సాధారణ ఆహారంలో సీజియానికి పెట్టిన హద్దూ కిలోకు 100 బెకరెల్‌లే. గైగర్‌కు రెండూ ఒకటే టిక్కు. తేడా పట్టే కన్ను 1948లో వచ్చింది. భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాటర్ రవ్వంత థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికంలో, గామా కిరణం శక్తిని బట్టి మెరుపు హెచ్చుతగ్గులవుతుంది. సీజియం-137 మెరుపు 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, పొటాషియంది 1,461 దగ్గర. అయితే నేల నుంచి, గోడల నుంచి వచ్చే కిరణాలు చొరబడకుండా దాని చుట్టూ సీసం దిమ్మెలు పేర్చాలి. పాలకూరను సన్నగా తరిగి, అడుగున లోపలికి గుంట ఉన్న గిన్నెలో కుక్కి, ఆ గుంటలో స్ఫటికం ఇమిడేలా దించి, మూతపెట్టి నిమిషాల తరబడి లెక్కించాలి. తరిగిన కట్టను ఎవరు కొంటారు? అందుకే ఆకుకూరలకు మచ్చు చూడటమే దారి. 2011 నవంబరులో జపాన్ సూపర్ మార్కెట్ సంస్థ ఇయాన్ ‘సున్నా’ తన లక్ష్యమని ప్రకటించింది. వినడానికి బాగుంది గానీ, ఇక్కడ సున్నా అంటే ఆ కాసేపట్లో యంత్రానికి కనబడనంత అనే.

వరి సంగతి వేరు. 2012 పంట నుంచి ఫుకుషిమా ప్రాంతపు దంపుడు బియ్యాన్ని, 30 కిలోల బస్తా విప్పకుండానే, బెల్టు మీద నడిపి పరీక్షించారు. ఏడాదికి సుమారు కోటి బస్తాలు! అనుమానం వస్తే, ఇంకా నిశితంగా కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌కు పంపేవారు. హద్దు దాటినవి 2012లో 71, 2014లో 2, 2015 పంట నుంచి ఒక్కటీ లేదు. ఏమీ దొరకని పనికి అంత ఖర్చు దండగ కాదా? కాదు. పొలాల్లో పొటాష్ దండిగా వేశారు, పొటాషియం చేతికందితే మొక్క దాని పోలికే ఉన్న సీజియాన్ని తక్కువ పీలుస్తుంది. ఆ ఉపాయం పారిందని బస్తా బస్తాకూ చూపించింది ఆ బెల్టే. 2020 పంట నుంచి చాలా ఊళ్లలో మచ్చు పరీక్షకు మారడమూ సబబే.

కొనేవాడు నమ్మేది దుకాణాన్ని కాబట్టి యంత్రమూ అక్కడే ఉండాలంటారా? 2011 జూలైలో, ఆరుబయట పడి కలుషితమైన వరిగడ్డి తిన్న పశువుల మాంసం, సంగతి బయటపడేలోపే అంగళ్లకు చేరి అమ్ముడైంది. ఏ ముక్క ఎక్కడికెళ్లిందో వెతకడానికి పనికొచ్చింది ఒక్కో పశువుకూ ఉన్న పది అంకెల గుర్తింపు సంఖ్య. మన దగ్గర కాంటా అయిన వడ్లు మిల్లుకెళ్లాక ఏ ఊరి గింజ ఏదో తెలియదు. ఆదిలాబాద్‌లో రేషన్ బియ్యం సంచి విప్పే డీలరును అడిగినా చెప్పలేడు.