నాలుగు గీతల జింక

తక్కువ గీతలతో వేసిన బొమ్మను అసంపూర్ణ చిత్రంగా చూడడం మన విమర్శకు అలవాటైపోయింది. నిజానికి వదిలివేయడం కూడా ఒక పనే. ఏది వదలవచ్చో తెలియాలంటే ముందు ఆ జంతువును బాగా చూసి ఉండాలి.

మా ఆదోనికి పొరుగున, బళ్ళారి దగ్గరి సంగనకల్లు-కప్పగల్లు కొండలమీద నవీన శిలాయుగపు మనుషులు రాతితో రాతిని కొట్టి బొమ్మలు వేశారు. వాటిలో ఎద్దులే ఎక్కువ. కండల వర్ణన లేదు, వెలుగునీడలు లేవు. కొమ్ములు, మూపురం చాలు, ఎద్దని పోల్చుకుంటాం. పశువులమీద బతికిన మనిషి శ్రమే ఆ గీతలను ఎంచింది. మిగతాది చూసేవాడు తన అనుభవంలోంచి పూరించుకుంటాడు. జంతువుతో అనుబంధం ఏర్పడేది ఆ పూరించుకోవడంలోనే.

ఈ సూత్రాన్ని నేను తరగతిలోనూ గమనించాను. జింకను వేయమంటే కొందరు పిల్లలు పుస్తకంలోని చుక్కల దుప్పిని దించారు. ఎమ్మిగనూరు వైపు చేలల్లో తిరిగే పిల్లవాడొకడు మాత్రం ఒక వంపు, మెలితిరిగిన రెండు కొమ్ములు గీసి ఊరుకున్నాడు. కాళ్ళేవిరా అంటే, "ఎగర్తాంది గదా సార్, కాళ్ళు యాడ కనపడ్తాయి?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నల్లరేగడిలో బెదిరి గెంతే కృష్ణజింక అదే.

అయితే దీన్ని ఉత్త ప్రకృతి ప్రేమగా తేల్చివేయరాదు. ఆ మందే మొలకమీద పడితే రైతుకు పంట దక్కదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకను కాపాడుతుంది, అది న్యాయమే. విత్తనాల అప్పు మాత్రం రైతు నెత్తినే ఉంటుంది, ఆపైన వలస. క్యాలెండరు జింక వెనుక ఈ రైతు కనపడడు. మా తరగతిలో ఒక అమ్మాయి జింక వెనుక ఒక నిలువుగీత, దానికి ఊగే తువ్వాలు గీసింది. అది వాళ్ళ నాయనట! ఆటగా గీసింది గనుక ఇద్దరిలో ఎవరినీ శత్రువును చేయలేదు. సమస్యను దాచనూ లేదు.

ఇదే జిల్లాలో ఉండిన రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్టను వేయమంటే తరగతిలో ఒక్క చేయీ లేవలేదు. చూడనిదాన్ని నాలుగు గీతల్లో పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

కథకులకూ కవులకూ ఇది వర్తిస్తుంది. మన వర్ణన పేరాలకు పేరాలు పెరుగుతున్నదంటే, మనం చూసింది తగ్గుతున్నదేమో పరీక్షించుకోవాలి.